ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆదుకున్న అక్కయ్యకు

మావారి ఉద్యోగం కోసం జర్మనీ వచ్చిన కొత్తలో, చిరునామా నమోదు కార్యాలయంలో మాకు సాయపడిన అక్కయ్యకు కృతజ్ఞతలు. పేరు అడిగేలోపే మీ వంతు వచ్చి వెళ్లిపోయారు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు చేసుకోవాలని తెలుసు. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలని మాత్రం మాకెవరూ చెప్పలేదు. మీరు ఫోనులో దాని నమూనా చూపించి, ఏ గడిలో ఏమి నింపాలో మా వరుస నంబరు చీటీ వెనుక తెలుగులో రాసిచ్చారు. పన్ను సంఖ్య ఆ నమోదు తర్వాతే పోస్టులో వస్తుందన్నారు. బడిలో చేరే పిల్లలకు 2020 నుంచి తట్టు టీకా రుజువు తప్పనిసరి అని మీరు చెప్పబట్టే, పాప టీకా కార్డు అమ్మ చేత తెప్పించుకున్నాం. కంపెనీవారిచ్చిన లావుపాటి పుస్తకంలో జిమ్‌ల జాబితా ఉంది కానీ, ఈ ముక్క లేదు!

ఇది మీ కంటపడితే ఒక్కమాట రాయండి అక్కా. మీ వాటా గోంగూర పచ్చడి తీసి పెట్టాను.