శ్రీకాకుళం పిల్లల మల్టీమీడియా కార్యశాల, చారిత్రక స్థలాల యాత్ర: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, పిల్లల్ని నమ్మి మాతో పంపిన తల్లిదండ్రులకు, పేరు చెప్పకుండా చేతిలో నోటు పెట్టి వెళ్ళిపోయిన వాళ్ళకు కమిటీ తరఫున నమస్కారాలు.

మే నెల సెలవుల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు శ్రీకాకుళంలో మల్టీమీడియా కంప్యూటర్ కార్యశాల జరిపాం. దాంతోపాటే జిల్లాలోని చారిత్రక స్థలాలకు తీసుకెళ్ళాం. మొత్తం జమ రూ. 1,56,565. మొత్తం ఖర్చు రూ. 1,51,013. నిల్వ రూ. 5,552. ఏది ఎందుకు ఖర్చయిందో చందాదార్లకు చెప్పడం మా బాధ్యత కనుక వివరంగా రాస్తున్నాం.

ముందు జమ సంగతి.

ప్రవేశ రుసుము (30 మంది, తలా రూ. 500): రూ. 15,000
ఊళ్ళో రసీదు పుస్తకాల మీద వసూలైన చందాలు: రూ. 61,350
విశాఖ, హైదరాబాద్, విదేశాల్లో ఉన్న మన జిల్లా వాళ్ళు బ్యాంకు ఖాతాకు పంపినది: రూ. 74,000
ఆఖరి రోజు ప్రదర్శన దగ్గర పెట్టిన హుండీలో వచ్చినది: రూ. 6,215

మొత్తం పిల్లలు 42 మంది. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన ఏడుగురితో కలిపి 12 మంది దగ్గర రుసుము తీసుకోలేదు. పేరు చెప్పని దాతల డబ్బుకు కూడా ‘పేరు తెలుపని దాత’ అని రసీదు కోశాం. రసీదు లేని రూపాయి ఈ లెక్కలో లేదు. హాలు అద్దె లేకుండా ఇచ్చారు. రెండు బస్తాల బియ్యం ఒకరు పంపారు. ఆరు ల్యాప్‌టాప్‌లు పిల్లల వాడకానికి కొందరు ఉద్యోగులు తమ ఇళ్ళ నుంచి తెచ్చి ఇచ్చారు. వీటికి విలువ కట్టి జమలో చూపలేదు. కానీ ఇవే లేకపోతే ఖర్చు చాలా పెరిగేది. అందరికీ కృతజ్ఞతలు.

ఇక ఖర్చు. అన్నిటికన్నా పెద్ద పద్దు బస్సు, రూ. 36,340. ‘కంప్యూటర్ నేర్పడానికి బస్సెందుకు?’ అని చందా అడిగేటప్పుడే చాలామంది అన్నారు. అడగవలసిన మాటే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాం.

మల్టీమీడియా అంటే బొమ్మ, మాట, శబ్దం, కదిలే చిత్రం అన్నీ ఒకచోట కూర్చి చెప్పడం. పిల్లవాడి దగ్గర చెప్పడానికి తనదంటూ ఏదీ లేకపోతే ఏం చేస్తాడు? ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలు దించి, దొరికిన పాట తగిలించి, అక్షరాలు గిరగిరా తిప్పి, ప్రాజెక్టు అయిపోయిందంటాడు. అలాంటివి బళ్ళలో ఏటా చూస్తున్నాం. ఫోటో తనే తియ్యాలి, శబ్దం తనే పట్టాలి, అక్కడి మనుషులతో తనే మాట్లాడాలి అని కమిటీ మొదటి రోజే తీర్మానించుకుంది. అందుకే తెల్లవారుజామున బస్సెక్కించి, ఎండ ముదిరేలోగా తిరిగి తెచ్చి, మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాం. ఆ పూట తెచ్చింది ఆ పూటే మెషీన్‌లోకి ఎక్కించి, పేర్లు పెట్టి సర్దుకోవాలి. యాత్ర రోజుల్లోనూ కంప్యూటర్లకు అద్దె కట్టింది అందుకే.

మొదటి రోజు అరసవల్లి, శ్రీకూర్మం. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి 9 నుంచి 11 దాకా, మళ్ళీ అక్టోబరు 1 నుంచి 3 దాకా ఉదయపు కిరణాలు లోపలికి వచ్చి స్వామి పాదాలు తాకుతాయని ఇక్కడ తెలియనివారు లేరు. మేలో వెళ్తే అది కనబడదు. ఆ రెండు తేదీలే ఎందుకని ఒక అమ్మాయి అడిగింది. సాయంత్రం శిక్షకులు ఆ ప్రశ్ననే పాఠంగా మార్చారు. పగలూ రాత్రీ సమానమయ్యేది మార్చి 20 ప్రాంతంలో, మళ్ళీ సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో. మార్చి తేదీలు దానికి పది రోజులు ముందు, అక్టోబరు తేదీలు పది రోజులు తరవాత. అంటే రెండుసార్లూ సూర్యుడు తూర్పుకు కొంచెం దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. నలుగురు పిల్లలు కలిసి బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక గుమ్మం, ఒక మండపం, తేదీని బట్టి జరిగే సూర్యుడు, నేల మీద పాకే వెలుగు గీత కట్టారు. బ్లెండర్‌కు పైసా ఖర్చు లేదు. కానీ ఆ ప్రశ్న గుడి ముందు నిలబడితేనే పుట్టింది. బస్సు ఖర్చుకు మా జవాబు ఇదే.

శ్రీకూర్మంలో కూర్మనాథ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. రెండు ధ్వజస్తంభాలున్న గుడి. అక్కడి స్తంభాల మీద శాసనాలున్నాయి. దేవస్థానం వారి అనుమతితో, గర్భాలయం వైపు కెమెరా తిప్పకుండా ఫోటోలు తీశాం. ఎదురుగా ఫ్లాష్ కొడితే రాయి తెల్లగా వెలిసిపోయి అక్షరం కనబడలేదు. ఫ్లాష్ ఆపి, ఒకరు టార్చిలైటు స్తంభానికి దాదాపు ఆనించి పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే, గాట్లలో నీడ పడి అక్షరాలు లేచొచ్చాయి. పిల్లలు అలా తీసిన ఫోటోలు ఆఖరి రోజు ప్రదర్శనలో మీరు చూశారు. టార్చీలు ఎవరింటివి వాళ్ళు తెచ్చుకున్నవే.

రెండో రోజు వంశధార ఒడ్డున శాలిహుండం, శ్రీముఖలింగం. శాలిహుండం కొండ మీది బౌద్ధ అవశేషాలను 1919లో లోకానికి తెలియజేసింది గిడుగు రామమూర్తి గారు. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863లో. కొండ దిగి నది వెంట పైకి వెళ్తే కళింగ గాంగుల రాజధాని ముఖలింగం, అక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. శాసనాలు చదవడం ఆయనకు అబ్బింది ఈ రాళ్ళ మధ్యనే. సీతంపేట వైపు గిరిజనులు మాట్లాడే సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి కూడా ఆయనే అని చెప్పగానే సీతంపేట నుంచి వచ్చిన పిల్లలు లేచి ముందు వరసలోకి వచ్చారు. ఆ పూట వాళ్ళే సవరలో వ్యాఖ్యానం చెప్పి రికార్డు చేశారు. వీడియోకు తెలుగు అక్షరాలు కూర్చేటప్పుడు ‘గిడుగు’ అనే యూనికోడ్ ఫాంటు వాడారు. అది అందరికీ ఉచితంగా దొరుకుతుంది. అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు వేరే మెషీన్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా మారిపోతుంది, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో రాసింది ఎక్కడైనా తెలుగులాగే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ప్రతి బడిలోనూ నేర్పితే ఎంతో బాగుంటుందని మా కోరిక.

మూడో రోజు సన్నఖద్దరుకు పేరుపడ్డ పొందూరు. బస్సు బాడుగ మూడు రోజులకు వరుసగా రూ. 10,500, రూ. 13,000, రూ. 11,000. డ్రైవరు, క్లీనరు బత్తా రూ. 1,500. పార్కింగు రూ. 340. ముఖలింగం రోజు దూరం ఎక్కువ కాబట్టి బాడుగ కూడా ఎక్కువైంది.

పొందూరులో రాట్నం తిప్పిన ఐదుగురు అమ్మలకు తలా రూ. 500 చొప్పున రూ. 2,500, తప్పెటగుళ్ళ జానపద నృత్య బృందానికి రూ. 5,000, కలిపి రూ. 7,500 ఇచ్చాం. ‘చూపించినందుకు కూడా డబ్బా?’ అని కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. చర్చించాక అందరం ఒప్పుకునే ఇచ్చాం. పూట పని ఆపుకుని మన పిల్లల కోసం కూర్చున్నారు, ఆ పూట కూలి వాళ్ళకు ఎవరిస్తారు? కంప్యూటర్ల అద్దెకు బేరం లేకుండా ఒప్పుకుని, చేతిపని వాళ్ళ దగ్గర మాత్రం ఉచితం కోరడం న్యాయం కాదు. ఇకముందు ఏ కార్యక్రమం చేసినా ఈ పద్దు తప్పకుండా ఉంటుంది.

అక్కడ చూసింది ఒక ముక్క చెప్పాలి. పొందూరు సన్నఖద్దరుకు పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్ళ వరస మీద పింజ లాగుతుంటే వచ్చే చప్పుడు చాలా చిన్నది, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ తెలియదు. పిల్లలు మైకు పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ముందు వినబడింది ఫ్యాను హోరు. ఫ్యాను ఆపారు. అప్పుడు పత్తి దువ్వుతున్న పెద్దమ్మ ‘బావూ, ఫేనొకటే ఆపితే సాలదు, పక్కింటి టీవీ కూడా ఆపించండి’ అంది. టీవీ ఆగాక, ఆ గదిలో ఎముక మీద పత్తి జారే చప్పుడు, ఆ పక్కనే కదురు తిరిగే చప్పుడు విడివిడిగా పడ్డాయి. తప్పెటగుళ్ళ దగ్గర దీనికి సరిగ్గా ఎదురు సమస్య. రొమ్ముకు కట్టుకున్న తప్పెట మీద చెయ్యి పడగానే మీటరు ఎర్రగీత దాటి శబ్దం పగిలిపోయింది. పగిలిన శబ్దాన్ని ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఎంత దిద్దినా మునుపటిలా రాదు. లెవెల్ తగ్గించి, దూరం జరిగి, మళ్ళీ ఆడమని అడిగారు. విసుక్కోకుండా మళ్ళీ ఆడారు వాళ్ళు.

శబ్దం సామాను ఖర్చు రూ. 22,450 అయింది ఇందుకే. చేతిలో పట్టుకునే రికార్డరు ఒకటి రూ. 9,800, హెడ్‌ఫోన్లు 21 (ఒక్కోటి రూ. 450) రూ. 9,450, చొక్కాకు తగిలించే మైకులు నాలుగు రూ. 2,600, గాలి హోరు ఆపే బొచ్చు తొడుగులు రెండు రూ. 600. ఫోను చాలదా అన్నారు కొందరు. వీడియోకు ఫోన్లే వాడాం, కెమెరా కొనలేదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. అందుకే డబ్బు శబ్దం మీద పెట్టాం.

భద్రపరచడానికి రూ. 14,680. రెండు టీబీల హార్డ్‌డిస్కులు రెండు రూ. 11,800, మెమరీ కార్డులు ఆరు రూ. 2,880. శబ్దాన్ని కుదించకుండా (48 కిలోహెర్ట్‌జ్, 16 బిట్ స్టీరియో నాణ్యతలో) రికార్డు చేస్తే గంటకు దాదాపు 690 ఎంబీ అవుతుంది. ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి వంద ఎంబీ పైమాటే. 42 మంది పిల్లలు తెచ్చింది పెన్‌డ్రైవుల్లో పట్టదు. రెండు డిస్కులు ఎందుకంటే ఒకటి పాడైతే రెండోది ఉండాలి. రెండూ ఒకే ఇంట్లో ఉంచడం లేదు.

కంప్యూటర్ల అద్దె రూ. 22,000. ఇద్దరికొక మెషీన్ లెక్కన 21 కావాలి. ఆరు ల్యాప్‌టాప్‌లు పోను 15 అద్దెకు తెచ్చాం, రోజుకు రూ. 250 చొప్పున ఆరు రోజులకు రూ. 22,500. మధ్యలో రెండు మెషీన్లు మొరాయించి ఒక రోజంతా పనిచెయ్యలేదు. ఆ రెంటికీ అద్దె తగ్గించమంటే ఇచ్చినవారు మొదట ఒప్పుకోలేదు, లాగ్ పుస్తకం చూపించాక రూ. 500 తగ్గించారు. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు సున్నా. ఆడాసిటీ, ఫోటోలు దిద్దే జింప్, వీడియో కూర్చే కెడెన్‌లైవ్, బ్లెండర్ అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. దొంగ కాపీ ఒక్కటి కూడా ఎక్కించనివ్వలేదు. పిల్లలు ఇంటికెళ్ళి కూడా నిశ్చింతగా వాడుకోవాలి కదా.

భోజనాలకు రూ. 31,870. వంటమనిషి, సాయం మనిషి కూలి రూ. 9,000, గ్యాసు రూ. 3,800, కూరగాయలు, వెచ్చాలు, పాలు రూ. 19,070. పొద్దున చోడి అంబలి, ఉల్లిపాయ, బస్సులోకి మజ్జిగ. టిఫిన్లకన్నా ఇదే మేలని తల్లులు చెప్పిన సలహా ఖర్చూ తగ్గించింది, ఎండదెబ్బా తగలనివ్వలేదు.

మిగిలినవి చిన్నవి. ముగ్గురు శిక్షకులు పారితోషికం వద్దన్నారు, దారి ఖర్చులు మాత్రం రూ. 5,260. జనరేటరు, డీజిలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వైరు రూ. 6,530. పాఠాల పుస్తకం 45 ప్రతులు, ఒక గుడ్డ బ్యానరు రూ. 2,610. ఓఆర్ఎస్, మందులు, టోపీలు రూ. 1,175. ఫోన్ డేటా రూ. 598. ఫ్లెక్సీలు వెయ్యలేదు, శాలువాలు కప్పలేదు, మెమెంటోలు ఇవ్వలేదు. ఫోటోతో ఫ్లెక్సీ వేస్తే ఇంకో పదివేలు ఇస్తామన్న దాతకు మర్యాదగా చెప్పుకున్నాం, ఆయన అర్థం చేసుకుని ఫ్లెక్సీ లేకుండానే ఐదువేలిచ్చారు. ఆయనకు ప్రత్యేకంగా నమస్కారం.

నిల్వ రూ. 5,552లో బ్యాంకులో రూ. 4,810, కోశాధికారి దగ్గర నగదు రూ. 742 ఉన్నాయి. కొన్న సామాను కమిటీ సొత్తు, ఏ ఒక్కరిదీ కాదు. హెడ్‌ఫోన్లు, రికార్డరు, మైకులు బీరువాలో పెట్టి రిజిస్టరు తెరిచాం. జిల్లాలో ఏ బడి అడిగినా సంతకం పెట్టించుకుని వారం రోజులకు ఇస్తాం, అద్దె లేదు. విరిగితే మాత్రం బాగుచేయించి ఇవ్వాలి.

ఓచర్లు, బిల్లులు, రసీదు పుస్తకాల అడుగు ప్రతులు, బ్యాంకు పాసుపుస్తకం నెలాఖరు దాకా ప్రతి ఆదివారం ఉదయం కార్యశాల జరిగిన హాల్లోనే ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు. మీ పేరు తప్పు పడినా, ఇచ్చిన మొత్తం తేడాగా ఉన్నా రసీదు తీసుకురండి, అక్కడికక్కడే సరిచేస్తాం.

పొందూరు అమ్మలకు, తప్పెటగుళ్ళ బృందానికి వాళ్ళ వీడియోలు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఇస్తామని మాటిచ్చాం. ఆ ఖర్చు నిల్వలోంచి తీసి, బిల్లుతో సహా వచ్చే లెక్కలో చూపిస్తాం.

ఇట్లు,
కార్యశాల నిర్వహణ కమిటీ, శ్రీకాకుళం