రెండు సీసాల్లోనూ ఒకటే పోసి పంపారు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. పోయిన వారం మీ దగ్గర రెండు పెర్ఫ్యూమ్ శాంపిళ్లు తెప్పించుకున్నాను, ఒకటి ఓపియం, ఇంకోటి సినబార్, 2 మిల్లీలీటర్ల చొప్పున. సీసాల మీద పేర్లు వేరుగానే ఉన్నాయి, లోపల ఉన్నది మాత్రం ఒక్కటే.

ఈ రెంటిలో ఏది కొనాలా అని నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఓపియం 1977లో వచ్చింది, సినబార్ ఆ మరుసటి ఏడే. రెండింటిలోనూ లవంగం ఉంది, రెండూ వెచ్చగా, ఘాటుగా ఉండే రకమే, కాబట్టి వాటి గురించి ఎంత చదివినా తేలదు. పైగా మా వైజాగ్ ఉక్కపోతలో ఇలాంటి వాసనలు గుప్పుమంటాయి, ఒంటికి రాసుకుని ఒక పూట తిరిగితే గానీ నాకు నప్పేది ఏదో తెలియదు. పెద్ద సీసా ఖరీదు నాకు చిన్న మొత్తమేం కాదు. ముందు శాంపిళ్లకి డబ్బు పెట్టింది అందుకే.

ఆదివారం సాయంత్రం చెరో మణికట్టుకి ఒక్కొక్కటి రాసుకుని ఆర్కే బీచ్‌లో నడిచాను. మొదటి పది నిమిషాలు ఒకేలా ఉంటే సరే, పైపై వాసన పోయాక తేడా బయటపడుతుందిలే అనుకున్నాను. రాత్రి పదింటికి కూడా తేడా లేదు. మర్నాడు మా అమ్మాయి నాకు చెప్పకుండా కాగితం ముక్కల మీద వేసి ఇచ్చింది, ఏది ఏదో నేను చెప్పలేకపోయాను, మా వదినా చెప్పలేకపోయింది.

ఫోన్ చేస్తే మీవాళ్లు "ముక్కు అలవాటు పడిపోయి ఉంటుంది మేడమ్, కాఫీ గింజలు వాసన చూడండి" అన్నారు. మా నాన్న పూర్ణా మార్కెట్‌లో మసాలా దినుసుల కొట్టులో ముప్పై ఏళ్లు పనిచేశారు. పాత లవంగమో కొత్త లవంగమో వాసన చూసి చెప్పడం చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకున్నాను, ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. మూత తీసిన శాంపిల్ వాపసు తీసుకోం అని కూడా అన్నారు. మూత తీయకుండా వాసన ఎలా చూడాలి?

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఓపియమో, సినబారో, అసలు రెండూ కాదో కూడా తెలియదు. తయారుచేసిన కంపెనీలను నేను తప్పు పట్టడం లేదు, చిన్న సీసాల్లోకి పోసింది మీరు.

రెండు శాంపిళ్లూ మళ్లీ సరిగ్గా పోసి పంపండి, లేదంటే డెలివరీ చార్జీతో సహా నా 740 రూపాయలూ వెనక్కి ఇవ్వండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తాను. రెండు సీసాల్లోనూ సగం పైగా అలాగే ఉంచాను, మనిషిని పంపితే ఇచ్చేస్తాను, మీరే వాసన చూసుకోండి.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి మీ కస్టమర్