బ్యూటీ మార్కెటింగ్‌కు దారి నల్లగొండ ప్రకాశం బజారు మీదుగానే

సంపాదకులకు,

అయ్యా,

డిగ్రీ, ఎంబీఏ పూర్తి చేసిన విద్యార్థులు సౌందర్య సాధనాల రంగంలో మార్కెటింగ్ ఉద్యోగాలు ఎలా సంపాదించుకోవాలో వివరిస్తూ మీ పత్రిక విద్యా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. సోషల్ మీడియా ప్రచారం గురించి, ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి, డిజిటల్ కోర్సుల గురించి అందులో చెప్పినదంతా సబబుగానే ఉంది. అయితే నల్లగొండలో చాలా కాలంగా సబ్బులు, షాంపూలు, పౌడర్లు, క్రీముల ఏజెన్సీ నడుపుతున్న నాకు, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం నుంచో పాలమూరు విశ్వవిద్యాలయం నుంచో పట్టా పుచ్చుకుని బయటికి వచ్చే పిల్లలకు ఈ రంగంలో అన్నిటికంటే ముందు దొరికే పని ఏదో ఆ వ్యాసం చెప్పకుండా వదిలేసిందనిపించింది. ఆ పని అమ్మకాల లైను తిరగడం, అంటే రోజుకో దారిన కొట్టు కొట్టుకూ వెళ్లి ఆర్డర్లు రాసుకోవడం.

హిందుస్థాన్ యూనిలీవర్, లోరియల్ ఇండియా, నైకా ముంబయి నుంచి, హిమాలయ బెంగళూరు నుంచి, కెవిన్‌కేర్ చెన్నై నుంచి వ్యాపారం నడిపిస్తాయి. బ్రాండ్ మేనేజర్ స్థాయికి ఎదిగే కొలువులకు పెద్ద కంపెనీలు చాలావరకు పేరున్న కొద్దిపాటి మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలకే వెళ్లి మనుషులను ఎంచుకుంటాయి; ఆ పని మీద నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వచ్చినవారిని నేను చూడలేదు. కానీ జిల్లా జిల్లాకూ సేల్స్ ఆఫీసర్ కావాలి, ప్రతి ఏజెన్సీకీ లైను తిరిగే మనిషి కావాలి, మాల్స్‌లో కౌంటర్ దగ్గర నిలబడి కొనేవారికి వివరించి చెప్పే బ్యూటీ అడ్వైజర్ కావాలి. ఎంబీఏ చదివించింది సంచీ పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరగడానికా అని తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు గానీ, పెద్ద కంపెనీలలో మేనేజ్‌మెంట్ ట్రైనీలుగా చేరిన వారిని కూడా మొదట కొన్నాళ్లు ఇదే లైనుకు పంపుతారన్న సంగతి వారికి ఎవరూ చెప్పరు.

లైనులో నేర్చుకునేది ఏముందని అడిగేవారికి దేవరకొండలోని ఒక్క ఫ్యాన్సీ స్టోర్ చూపిస్తే చాలు. అక్కడ లిప్‌స్టిక్కులు గాజుల స్టాండు పక్కనే ఉంటాయి. గాజులు వేయించుకుంటూ చేయి చాచి కూర్చున్న ఆడమనిషి కళ్లు ఆ రెండు మూడు నిమిషాలూ లిప్‌స్టిక్కుల మీదే ఉంటాయని దుకాణదారుకు తెలుసు. రంగు నప్పుతుందో లేదో చూసుకొమ్మని కంపెనీ పంపిన టెస్టర్‌ను మాత్రం, ఊరికే అరగదీస్తారని, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పెళ్లిళ్ల ముందు మెరూన్, ముదురు ఎరుపు కొట్టులో మిగలవు. ముంబయిలో మురిపెంగా పేరు పెట్టి పంపిన లేత రంగులలో సగం ఎక్స్‌పైరీ దగ్గరపడ్డాక నా గోడౌనుకే తిరిగి వస్తాయి. పత్తి డబ్బులు చేతికందే దసరా, దీపావళి రోజుల్లో షాంపూ పెద్ద సీసాలు కదులుతాయి, మిగతా నెలల్లో రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లే దిక్కు. నీళ్ల సంగతి కూడా లైనులోనే తెలుస్తుంది: ఇంటికి మిషన్ భగీరథ మంచినీటి నల్లా వచ్చినా స్నానానికి బోరు నీళ్లే వాడే ఊళ్లు ఉన్నాయి, కఠినమైన ఆ నీళ్లలో సబ్బు నురగకు బదులు తెట్టు కడుతుంది, షాంపూకు ఆ బెడద తక్కువ. కడలూరులో సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో మొదలుపెట్టిన వ్యాపారం తరువాత కెవిన్‌కేర్‌గా ఎదిగిందంటే, ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే కొత్త ప్యాకెట్ ఉచితమన్న అతని పథకం అందులో పెద్ద పాత్ర వహించింది, అటువంటి ఆలోచన చిల్లర కొట్టు లెక్క తెలిసినవాడికే తడుతుంది.

మన పిల్లలకు అసలే తెలియని విషయం మరొకటి ఉంది. ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్, అప్పటి హిందుస్థాన్ లీవర్ కంపెనీ, స్వయం సహాయక సంఘాల మహిళల చేత సరుకు అమ్మించే 'శక్తి' పథకాన్ని 2000-01 ప్రాంతంలో తొలిసారి ప్రయోగించి చూసింది నల్లగొండ జిల్లాలోని 50 గ్రామాలలోనే. అది తరువాత దేశమంతటా విస్తరించింది, దానిని మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలలో పాఠంగా చెబుతున్నారు; నా దగ్గరికి ఉద్యోగానికి వచ్చిన మన జిల్లా ఎంబీఏ పట్టభద్రులలో మాత్రం దాని పేరు విన్నవారు నాకు తారసపడలేదు.

అంత చరిత్ర ఉన్న చోట కూడా, కొనేవారిలో అధికులు ఆడవాళ్లైన ఈ సరుకును పట్టణాలలో లైను తిరిగి అమ్మేది దాదాపు అందరూ మగవాళ్లే. దీనివల్ల జరిగే నష్టం బ్యూటీ పార్లర్ల దగ్గర కళ్లకు కడుతుంది. తలుపు మీద 'పురుషులకు ప్రవేశం లేదు' అని రాసి ఉంటుంది కనుక మా సేల్స్‌మన్ గడప బయటే నిలబడి, తెర వెనుక నుంచి వినిపించిన ఆర్డర్ రాసుకుని వచ్చేస్తాడు. నిన్నటి దాకా తెప్పించుకున్న ఫేషియల్ కిట్ ఎందుకు మానేశారో, హెయిర్ కలర్ ఎవరికి పడలేదో, ఆన్‌లైన్‌లో ఏది చూసి పెళ్లికూతుళ్లు ఏది అడుగుతున్నారో అతనికి తెలియదు, అతని ద్వారా కంపెనీకీ తెలియదు. మార్కెటింగ్ చదివిన ఆడపిల్ల ఆ తెర దాటి వెళ్లి పది నిమిషాలు కూర్చుంటే లక్షలు పోసి చేయించే సర్వేలో రాని సంగతులు రాసుకుని వస్తుంది. రాత్రివేళ ఊళ్ల నుంచి బండి మీద తిరిగి రావడం గురించిన ఇళ్లలోని భయం న్యాయమైనదే. ప్రకాశం బజారు, రామగిరి వంటి పట్టణం లోపలి లైన్లు, పార్లర్ల లైన్లు పగటిపూట పనులే కాబట్టి వాటినైనా విద్యార్థినులకు ఇవ్వవచ్చు.

ఇక కళాశాలల మాట. చివరి సెమిస్టరులో ప్రాజెక్టు చేయాలన్న నియమం మంచిదే. కానీ ఏటా పరీక్షల ముందు పిల్లలు మా ఏజెన్సీకి వచ్చి, "సార్, ఒక సర్టిఫికెట్ మీద స్టాంపు వేసి ఇవ్వండి" అని అడుగుతారు. వారి చేతిలోని రిపోర్టు జిరాక్స్ సెంటర్‌లో కొన్నది, నిరుటి విద్యార్థి పేరు తీసి ఈ ఏటి పేరు పెట్టినది, లోపలి పట్టికలలో అవే వంద మంది కొనుగోలుదారులు, అవే శాతాలు. ఇలా పట్టా తీసుకున్నాక హైదరాబాద్‌లో ఎవరో ఉద్యోగం గ్యారంటీ అంటే నమ్మి కోర్సు ఫీజు కట్టి వస్తారు.

లైను పనిని నేను గొప్ప చేసి చూపించడం లేదు. జీతం చిన్నది, పెట్రోలు ఖర్చు ఎవరిదో చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి, టార్గెట్ కోసం నెలాఖరున దుకాణదారుకు అక్కరలేని సరుకు దింపమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. రెండేళ్లు చేశాక, దుకాణాలలో సరుకు ప్రచారం చూసే ట్రేడ్ మార్కెటింగ్‌కో, ఆన్‌లైన్ అమ్మకాల విభాగానికో మారడానికి ప్రయత్నించకపోతే అక్కడే ఉండిపోతారు.

రీల్స్ చేస్తూ ఈ రంగంలోకి వద్దామనుకునే వారికీ ఒక మాట చెప్పవలసి ఉంది. నల్లని మేనిఛాయను తక్కువ చేసి చూపించే ప్రకటనలు కూడదని, ప్రకటనల రంగం తనకు తానే ఏర్పరచుకున్న నియంత్రణ సంస్థ అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరునే గ్లో అండ్ లవ్లీగా మార్చుకుంది. డబ్బు తీసుకుని చేసిన పోస్టును ప్రకటన అని స్పష్టంగా తెలపాలని 2021లో అదే కౌన్సిల్ చెప్పింది, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారే 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని స్టెరాయిడ్ క్రీములను 'తెల్లబడే క్రీము' అని అడిగి కొనుక్కుంటున్న మన ఊళ్లలో ఈ నియమాల, చట్టాల పరిజ్ఞానం మార్కెటింగ్ పాఠంలో భాగం కావాలి.

రెండు విశ్వవిద్యాలయాల కామర్స్, మేనేజ్‌మెంట్ విభాగాలు చివరి సెమిస్టరు ప్రాజెక్టును ఆరు వారాల లైను పనిగా మార్చి, రిపోర్టుకు బదులు విద్యార్థి రోజూ రాసుకున్న దుకాణాల డైరీకి మార్కులు వేయాలని కోరుతున్నాను. అలా చేస్తే ఇద్దరు విద్యార్థినులకు పార్లర్ల లైను, దారి ఖర్చులు, రోజువారీ భత్యం ఇవ్వడానికి నా ఏజెన్సీ సిద్ధంగా ఉంది. మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి ఏజెన్సీల వారు కూడా ముందుకు వస్తే, ఎవరి దగ్గర ఎన్ని అవకాశాలున్నాయో మీ విద్యా పేజీలో ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక సౌందర్య సాధనాల పంపిణీదారు,
నల్లగొండ