ఎస్సైగారు బందోబస్తుకు వెళ్లారు

సంపాదకునికి,

అయ్యా,

పోలీసు సంస్కరణలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివిన నాడే ఈ ఉత్తరం రాయవలసింది, నాట్ల పనుల్లో పడి పది రోజులు ఆలస్యమైంది. కొత్త వాహనాలు, కెమెరాలు, యాప్‌ల గురించి అందులో వివరంగా రాశారు. కానీ స్టేషన్ గడప తొక్కిన మనిషికి ముందుగా వినిపించే మాట "ఎస్సైగారు బందోబస్తుకు వెళ్లారు" అన్నది. దాని గురించి ఒక్క వాక్యమైనా లేదు.

కిందటి యాసంగిలో మా బావుల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రికి రాత్రి దించి, ఆయిల్ పారబోసి, రాగి తీగ ఎత్తుకుపోయారు. దాని కింద ఆరు మోటార్లు నడుస్తాయి. వరి పొట్ట మీద ఉంది. ఎఫ్‌ఐఆర్ కాగితం తెస్తేనే కొత్తది ఇస్తామని కరెంటు ఆఫీసులో అన్నారు. స్టేషన్‌కు వెళితే, ఆ పొలం ఏ స్టేషన్ కిందికి వస్తుందో ముందు కనుక్కొని రమ్మన్నారు. తరువాత ఒకరోజు జాతర బందోబస్తు, మరొక రోజు మంత్రిగారి పర్యటన, ఆపైన రోడ్డు ప్రమాదం. ఆరో రోజున కేసు కట్టేసరికి మడులు నెర్రెలు బారాయి. దొంగల కంటే ఆ ఆరు రోజులే మమ్మల్ని ఎక్కువగా ముంచాయి.

కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం, జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి కేసులో 2013లోనే చెప్పింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ అయితే, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలనీ, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలనీ అంటుంది.

ఇందుకు కింది సిబ్బందిని తిట్టి లాభం లేదు. ఆ రోజు మా పిటిషన్ తీసుకున్న కానిస్టేబుల్ రాత్రి డ్యూటీ దిగకుండానే పగటి డ్యూటీలో కూర్చున్నాడు. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకొని రోడ్డెక్కవలసి వచ్చిందంటే ఈ శాఖలో మనుషులను ఎలా వాడుకుంటున్నారో తెలుస్తూనే ఉంది.

దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. పది లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలతో మొదలుపెట్టి క్రమంగా చిన్న పట్టణాలకు తీసుకువెళ్లమంది. ఇన్నేళ్లలో ఆ క్రమం మా దేవరకొండ వైపు రాలేదు. 2016లో ఉమ్మడి నల్లగొండను మూడు జిల్లాలు చేసినప్పుడు పాలన ప్రజల దగ్గరికి వస్తుందన్నారు; మా మండల స్టేషన్‌లో మాత్రం దొంగతనం కేసులు చూడడానికే ఉన్న మనిషి లేడు.

ప్రతి స్టేషన్‌లో ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను దర్యాప్తుకే కేటాయించి, ఏ నాయకుడు వచ్చినా వారిని బందోబస్తుకు పంపకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. స్టేషన్ అధికారిని రెండేళ్ల లోపు కదపరాదని అదే తీర్పు చెప్పింది, దానినీ పాటించాలి. మా కేసు చూస్తున్న అధికారి ఈలోగా బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన వారికి మొన్న సోమవారం మళ్లీ మొదటి నుంచీ చెప్పి వచ్చాను.

— ఒక రైతు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా