పక్క మంచం పెద్దాయనకి

నిన్న డిశ్చార్జ్ అయ్యాను. నాలుగు మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తోంది. స్టెరాయిడ్ బిళ్ళల వల్ల కాబోలు, నిద్ర రావడం లేదు. అందుకే ఈ వేళప్పుడు కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుపోండి.

ఇది ఒక పెద్దాయన కోసం. పేరు తెలీదు. అడుగుదామంటే మొదట నాకు ఊపిరి లేదు. ఊపిరి వచ్చాక నిద్ర పట్టేసింది, లేచేసరికి ఆయన వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం అటక దులిపాను. దుమ్ముకి పిల్లికూతలు మొదలయ్యాయి. నీలం ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చుకుంటే కాసేపటికి సర్దుకుంది. అయిపోయిందనుకుని పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మళ్ళీ లేచి కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి ఎన్ని పఫ్‌లు పీల్చినా ఛాతీ వదల్లేదు.

క్యాజువాలిటీలో మావారు కౌంటర్ దగ్గర ఇరుక్కుపోయారు. పాత కాగితాలు ఏవి, వయసెంత, అడ్రస్ ఏంటి. నన్నేమో ఒక మంచం చూపించి పడుకోమన్నారు. పడుకుంటే ప్రాణం పోయేలా ఉంది. చెబుదామంటే రెండు మాటలకే గాలి అయిపోతోంది.

పక్క మంచం మీద చేతికి కట్టుతో ఒకావిడ. ఆవిడకి తోడుగా వచ్చిన పెద్దాయన నన్ను చూసి లేచారు. "పడుకోకు అమ్మాయ్, లే" అని తను కూర్చున్న కుర్చీని నా ముందుకి తిప్పి పెట్టి, దాని వీపు మీద దిండు వేసి, నా మోచేతులు దాని మీద ఆన్చారు. అలా ముందుకి వంగాక కొంచెం గాలి ఆడింది. "మాట్లాడొద్దు. అవునంటే కళ్ళు మూయి, కాదంటే ఊరుకో. ఉబ్బసమా?" మూశాను. "రోజూ పీల్చే మందు ఇంకోటి ఉందా?" ఊరుకున్నాను. ఆయన ముఖం మారిపోయింది. నేరుగా నర్సు దగ్గరికెళ్ళి, "ఆ అమ్మాయి మాట పూర్తి చెయ్యలేకపోతోంది, ముందు ఆక్సిజన్ చూడండమ్మా" అన్నారు. వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ 89 శాతమే. ఆ తర్వాత అందరూ పరిగెత్తారు. ఆక్సిజన్, నెబ్యులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్.

స్టెరాయిడ్ పని మొదలెట్టడానికి కొన్ని గంటలు పడుతుందట. ఆ గంటలన్నీ ఆయన నిలబడే ఉన్నారు. కుర్చీ నా దగ్గరుంది మరి.

తెల్లారుజామున నాకు మాట వచ్చాక చెప్పారు, ఆయనకీ ఉబ్బసమేనని, నలభై ఏళ్ళ సావాసమని. "సాయంత్రం ముడుచుకుంది ఊపిరి గొట్టం చుట్టూ ఉన్న కండరం. నీలం మందు దాన్ని వదులు చేసింది, అంతే. లోపలి వాపు దానికి పట్టదు. చీము పట్టిన వేలికి నొప్పి బిళ్ళ వేసుకున్నట్టు." తర్వాత డాక్టరుగారు ఇదే విషయాన్ని పెద్ద మాటల్లో చెప్పారు: దుమ్ము తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు వదులుతాయి, కండరం బిగుస్తుంది. మొదటి విడత అదీ. కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి, గొట్టం లోపలి పొర వాచి కఫం చిక్కబడుతుంది. నేను హాయిగా నిద్రపోతున్నప్పుడు జరిగింది ఈ రెండో విడత. ఆయాసం లేని రోజుల్లో కూడా ఆ వాపు ఎంతో కొంత లోపల ఉంటుందట!

ఇక్కడ కడుపు మండుతోంది. ఆరేళ్ళుగా నాకు నీలం ఇన్‌హేలర్ ఒక్కటే రాస్తున్నారు. పాత చీటీ చూసి కొత్త చీటీ. ఆస్తమా చికిత్సకి అంతర్జాతీయంగా మార్గదర్శకాలిచ్చే గినా 2019లోనే చెప్పింది, పెద్దవాళ్ళకి వెంటనే ఉపశమనమిచ్చే ఆ మందు ఒక్కటే ఇవ్వొద్దు, వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఉండాలని. ఆ మాట నా చీటీ దాకా రాలేదు. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నావో చూపించమని ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు. పెద్దాయన అడిగారు. చూపిస్తే, నొక్కిన తర్వాత ఆలస్యంగా పీలుస్తున్నాను, మందంతా నాలుక మీదే పడుతోంది. (నా తప్పూ ఉంది. స్టెరాయిడ్ అనే మాటకే భయపడేదాన్ని. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుందని, పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదని ఇప్పుడు తెలిసింది.)

మావారిచేత స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించి పీల్చే ప్లాస్టిక్ గొట్టం) తెప్పించి, దాన్ని సబ్బునీళ్ళలో కడగాలని, గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మందుని గోడలకి లాగేసుకుంటుందని, గాలికే ఆరనివ్వాలని చెప్పారు. చెబుతుండగానే నాకు నిద్ర పట్టేసింది. లేచేసరికి పక్క మంచం ఖాళీ. కుర్చీ మాత్రం నా ముందే ఉంది. దాని మీద మడత పెట్టిన చేతిరుమాలు, రుమాలు మీద కడిగి నిలబెట్టిన స్పేసర్, ఇంకా తడిగా. అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. నర్సు మళ్ళీ ఆయాసమనుకుని పరిగెత్తుకొచ్చింది.

అయ్యా, ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తే, రుమాలు నా దగ్గరే ఉంది. అమ్మగారి చెయ్యి ఎలా ఉంది?

మావారికి, అమ్మకి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళకి తెలుసు.

అయ్యో, మర్చిపోయాను, ఆ రాత్రి బండి తీసిన పై అంతస్తు అబ్బాయికి చాలా చాలా థాంక్స్. సూది దిగక మూడుసార్లు గుచ్చి మూడుసార్లూ సారీ చెప్పిన చిన్న నర్సుకి కూడా. ఇంకా, తెల్లవారాక నేల తుడవడానికి ఫినాయిల్ బకెట్‌తో వచ్చి, నేను దగ్గడం చూసి దాన్ని తిరిగి బయట పెట్టేసి, ఉత్త నీళ్ళతో తుడిచి వెళ్ళిన ఆవిడకి. ఆవిడ పేరూ అడగలేదు.