పన్నెండు అంగుళాల మెలిక

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. కొత్త రైఫిల్ సంగతి వివరంగా రాయమన్నావు. రాస్తాను గానీ, ఇందులో నా ప్రతాపం ఏమీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

అసలు అది కొత్తది కాదు. ఇక్కడ టెక్సస్‌లో ఒక పెద్దాయన అమ్ముతుంటే కొన్నాను. పాయింట్ 223 తూటా కాల్చేది, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగాలి. వాల్‌నట్ చెక్క చూసి మనసు పారేసుకున్నాను, ఇంకేమీ అడగలేదు. ఎన్‌సీసీలో పాయింట్ 22 పట్టుకుని బోర్లా పడుకుని కాల్చిన రోజుల్లో మాత్రం మనల్ని ఎవరు అడగనిచ్చారు? ఇచ్చింది కాల్చడమే.

కాల్పుల రేంజికి వచ్చేవాళ్ళంతా 77 గ్రెయిన్ల బుల్లెట్ గొప్పదంటుంటే నేనూ రెండు పెట్టెలు తెచ్చాను. గ్రెయిన్ అంటే ఇక్కడి తూకం, 7000 కలిస్తే ఒక పౌను. మీ నాన్నగారి త్రాసులో చెప్పాలంటే, మామూలు 55 గ్రెయిన్ల బుల్లెట్ దాదాపు ముప్పై గురివింద గింజల ఎత్తు తూగుతుంది. 77 గ్రెయిన్లంటే అయిదు గ్రాములు.

వంద గజాల నుంచి పది కాల్చాను. కాగితం మీద కనిపించినవి నాలుగు. వాటిలో ఒక్కటీ గుండ్రంగా లేదు! బుల్లెట్ పక్కవాటుగా వచ్చి కాగితాన్ని చీల్చుకుపోయినట్టు పొడుగాటి రంధ్రాలు. తప్పంతా టెలిస్కోపుదే అనుకుని దాని మరలు బిగించాను, విప్పాను, మళ్ళీ బిగించాను. పక్క బల్ల దగ్గరి ముసలాయన నాతోపాటు కాగితం దాకా నడిచి వచ్చి, ఆ రంధ్రాలు చూసి, "నీ బ్యారెల్ ట్విస్ట్ ఎంత?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను.

ఇంటికి వచ్చి, తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ తీసేసి కొలిచాను. బ్యారెల్ అంటే తుపాకీ గొట్టం, బుల్లెట్‌ను గిర్రున తిప్పడానికి దాని లోపల మెలికలుగా గాళ్ళు ఉంటాయి. శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి గొట్టంలోకి తోస్తే, ఆ మెలికల వెంట అదే తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి కడ్డీ ఎంత దూరం జరిగిందో అదే ట్విస్ట్. ఈ అంకె తగ్గిన కొద్దీ బుల్లెట్ ఎక్కువగా తిరుగుతుంది. నాది 12 అంగుళాలు. పాత 223లలో చాలావాటికి ఇంతేనట.

బొంగరం గుర్తుందిగా? తాడు గట్టిగా లాగకపోతే తూలి పడేది. బుల్లెట్టూ అంతే, కాకపోతే దాన్ని పడదోసేది గాలి. గాలి ఒత్తిడి దాని బరువు కేంద్రానికి ముందువైపున పని చేస్తుంది, అందుకే ముక్కును పక్కకు తిప్పేయాలని చూస్తుంది. బుల్లెట్ పొడవు పెరిగిన కొద్దీ ఆ తోపుడూ పెరుగుతుంది, దాన్ని తట్టుకోవడానికి ఇంకా వేగంగా తిరగాలి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. పెట్టె మీద బరువు అచ్చు వేస్తారు, బ్యారెల్‌కు కావలసింది పొడవు. 223లో వ్యాసం 0.224 అంగుళాల దగ్గర కట్టుబడి ఉంది కాబట్టి బరువు పెంచాలంటే పొడవు పెంచడమే దారి. సీసం లేకుండా అచ్చంగా రాగితో చేసిన బుల్లెట్ అయితే అదే బరువుకు ఇంకా పొడవుంటుంది. బరువు చూసి కొనేవాడికి అది రెండో గొయ్యి.

ఇంగ్లండులో గ్రీన్‌హిల్ అనే లెక్కల పండితుడు 1879లోనే దీనికొక సూత్రం చెప్పాడు. వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగిస్తే (అన్నీ అంగుళాల్లోనే) కావలసిన ట్విస్ట్ వస్తుంది. సెకనుకు 2800 అడుగులు దాటి పోయేవాటికి 150 బదులు 180 వేస్తారు. ముప్పావు అంగుళం పొడవుండి, వేగంగా పోయే నా 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు 180 వేస్తే 12 వచ్చింది. అంగుళం పొడవుండి, 2800 దాటని 77కు 150తోనే లెక్కేస్తే ఏడున్నర! ఇది ముతక లెక్కే, ఆచరణలో 8 అంగుళాల ట్విస్ట్ కూడా 77ను మోస్తుంది. నా 12 మాత్రం దాని దరిదాపుల్లో లేదు.

నవ్వకు, కంపెనీలే పప్పులో కాలేశాయి. 1955లో రెమింగ్టన్ కంపెనీ పాయింట్ 244 అనే తూటాను, దానికి 12 అంగుళాల ట్విస్ట్ రైఫిల్‌ను తెచ్చింది, చిన్న జంతువుల కోసం తేలిక బుల్లెట్లే వాడతారని. అదే ఏడాది వించెస్టర్ పాయింట్ 243ను 10తో తెచ్చింది. జింకల వేటగాళ్ళు బరువైన 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలని వించెస్టర్ వైపే వెళ్ళారు. 1963లో రెమింగ్టన్ 9 అంగుళాలకు మార్చి, '6 ఎంఎం రెమింగ్టన్' అని పేరు కూడా మార్చింది. అప్పటికే జనం 243కు అలవాటు పడిపోయారు. అమెరికా సైన్యం ఎం16 రైఫిల్‌కూ మొదట 14 ఉండేది. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడి బుల్లెట్లు తూలుతుంటే 12కు మార్చారు.

మరి అందరూ 7 పెట్టుకుంటే పోలేదా అంటావు. సెకనుకు 3200 అడుగుల వేగంతో 7 అంగుళాల ట్విస్ట్ నుంచి వచ్చే బుల్లెట్ నిమిషానికి మూడు లక్షల ముప్పై వేల చుట్లు తిరుగుతుంది. పల్చటి తొడుగున్న తేలిక బుల్లెట్ అయితే దారిలోనే చీలి, బూడిదరంగు పొగలా పోవచ్చు.

మొన్న ఆదివారం 55 గ్రెయిన్లు పట్టుకెళ్ళాను. అయిదూ అంగుళంపావులో పడ్డాయి, అన్నీ గుండ్రంగా. ఆ కాగితం మడిచి నీకు పంపుతున్నాను. మిగిలిన ముప్పై 77 గ్రెయిన్ల తూటాలు అల్మారాలో ఉన్నాయి. వాటి కోసం 8 అంగుళాల ట్విస్ట్ ఉన్న బ్యారెల్ కొందామని మీ చెల్లెలితో అంటే, తూటాలు అమ్మేయడం చవక కదా అంది.

నీ
మూర్తి