ఆ పాట బాబ్ మార్లీది కాదండీ

ఎడిటర్ గారికి,

జమైకా గాయకుడు 'బాబ్ మార్లీ' పేరుతో ఎవరో కాపీ చేసిచ్చిన ఫోల్డర్ ఒకటి చాలా ఏళ్లు నా పెన్‌డ్రైవ్‌లో ఉండేది. అందులో నేను అరిగిపోయేలా విన్న 'డోంట్ వర్రీ బీ హ్యాపీ' అసలు మార్లీదే కాదని, మార్లీ పోయిన ఏడేళ్లకి, 1988లో, బాబీ మెక్‌ఫెరిన్ పాడాడని తెలిసిన రోజు భలే సిగ్గేసింది. దొంగ కాపీలతో తంటా ఇదే, ఎవరి పాట ఎవరి ఖాతాలో పడుతుందో తెలీదు.

తర్వాతే మార్లీ బృందం వెయిలర్స్ చేసిన ఆల్బమ్ 'క్యాచ్ ఎ ఫైర్' (1973) సరిగ్గా విన్నాను. ఐలాండ్ రికార్డ్స్ అధినేత క్రిస్ బ్లాక్‌వెల్ వెయిలర్స్ చేతిలో 4,000 పౌండ్లు పెట్టి ఆల్బమ్ చేసుకురమ్మన్నాడు. జమైకాలో అక్కడి సంగీతం రెగ్గే అంటే ఎక్కువగా సింగిల్సే (ఒక్కో పాట రికార్డులే) నడుస్తున్న రోజులవి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపులు లండన్ చేరాక, రాక్ వినేవాళ్లకి ఎక్కాలని వాటి మీద వేన్ పెర్కిన్స్ గిటార్, 'రాబిట్' బండ్రిక్ కీబోర్డ్ కలిపారు. రెగ్గేని బయటి దేశాలకి పట్టుకెళ్లిన ఆల్బమ్‌లలో ఇదొకటి అయిందంటే అందులో ఆ మెరుగుల వాటా కూడా ఉంది, కాదనలేం.

2001లో వచ్చిన డీలక్స్ ఎడిషన్‌లో మెరుగులు పడని జమైకా మిక్స్ కూడా ఉంది, పక్కన పెట్టేసిన రెండు పాటలతో సహా. 'కాంక్రీట్ జంగిల్' రెండు రకాలూ వెంటవెంటనే విని చూడండి. విడుదలైనదాంట్లో గిటార్ సోలో ఒక్క స్వరాన్ని పట్టుకుని సాగుతూనే ఉంటుంది. జమైకా మిక్స్‌లో ఆ గిటార్ ఉండదు, రాబీ షేక్‌స్పియర్ బేస్ నేరుగా గుండెల్లో మోగుతుంది. నా ఓటు దీనికే, అలాగని ఆ సోలోని వదులుకోమంటే మాత్రం నావల్ల కాదు.

వినడానికి కష్టమేమీ లేదు. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్ లాంటి వాటిలో వెతికేటప్పుడు 'డీలక్స్ ఎడిషన్' అని చూసుకుంటే చాలు. డబ్బు కట్టకుండా వినే వీలున్నచోట యాడ్స్ భరించాలి, అంతే. ఒరిజినల్ సీడీ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నా తప్పేం లేదు. మొదటి ఎల్పీ అయితే అట్ట సిగరెట్ లైటర్‌లా పైకి తెరుచుకునేది, అలాంటివి వేసిందే 20,000, నాకింకా కంటపడలేదు.

ఒక్క విన్నపం. ఇందులో '400 ఇయర్స్', 'స్టాప్ దట్ ట్రెయిన్' బృందంలోని పీటర్ టాష్ రాసి పాడినవి. మొదటి అట్ట మీద ఉన్న పేరు కూడా ఉత్త 'వెయిలర్స్', బాబ్ మార్లీ పేరు ముందుకొచ్చింది తర్వాతి ముద్రణల్లో. మీరెప్పుడైనా ఈ ఆల్బమ్ గురించి వేస్తే మార్లీ ఫొటో ఒక్కటీ వేసి సరిపెట్టకండి, టాష్‌నీ, బృందంలోని మూడో గాయకుడు బన్నీ వెయిలర్‌నీ పక్కన నిలబెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు